మీకు తెలుసా? చెవి ముందున్న కీలుకూ ఉంది ఫిజియోథెరపీ

చిటికెన వేళ్లు రెండూ మెల్లగా చెవుల్లో పెట్టండి. వేలి మెత్తటి వైపు ముఖం దిక్కుకు తిప్పి, నోరు తెరిచి మూసి చూడండి. గుండ్రంగా ఏదో తగులుతుంది. తెరిచినప్పుడు ముందుకు తప్పుకుంటుంది, మూసినప్పుడు వెనక్కొచ్చి ఆనుతుంది. అది కింది దవడ ఎముక తల. అది పుర్రెను కలిసే చోటే దవడ కీలు. మాట్లాడినా, నమిలినా, మింగినా, ఆవలించినా పని దానిదే. మోకాలికో భుజానికో ఫిజియోథెరపీ అంటే మనకు వింత కాదు. దవడకూ ఉందంటే మాత్రం "అక్కడేం చేస్తారండీ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఈసారి ముచ్చట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

ఒకే ఎముక, రెండు కీళ్లు

కుడి మోకాలు నొప్పెడితే ఎడమకాలి మీద బరువు మోపి కుంటుతూనైనా నడుస్తాం. దవడకు ఆ వెసులుబాటు లేదు. కింది దవడ ఒకటే ఎముక, దాని రెండు కొసలకూ రెండు కీళ్లు. ఒకటి కదిలితే రెండోదీ కదలాల్సిందే. కుడివైపు పట్టేస్తే ఎడమది రోజంతా అదనపు చాకిరీ చేస్తుంది. కొన్నాళ్లకు అదీ మూలగడం మొదలుపెడుతుంది. అందుకే ఫిజియోథెరపిస్టులు నొప్పి ఉన్న వైపుతో ఆగకుండా రెండువైపులా తడిమి చూస్తారు.

కదలిక కూడా మామూలుది కాదు. నోరు తెరవడంలో మొదటి 20, 25 మిల్లీమీటర్ల దాకా దవడ తలుపు బందులా తిరుగుతుంది. అక్కడి నుంచి సొరుగులా ముందుకు జారుతుంది. పిల్లి, పులి వంటి వేట జంతువుల్లో దాదాపు తిరగడమే ఉంటుంది. ఆవు నెమరేసేటప్పుడు చూడండి, దవడ పక్కలకు ఊగుతుంది. మనిషి దవడ రెండు రకాల పనీ చేస్తుంది. వెసులుబాటు ఎక్కువైన కొద్దీ అదుపు తప్పే అవకాశాలూ ఎక్కువే.

మూడు వేళ్ల లెక్క

మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లను ఒకదాని మీద ఒకటిగా నిలబెట్టి ముందు పళ్ల మధ్య పెట్టుకోండి. పడితే మీ నోరు దాదాపుగా మామూలుగానే తెరుచుకుంటోందని లెక్క. వేళ్లు మీవే కావాలి, పక్కవాళ్లవి కాదు. మనిషి కొలతకు వేళ్ల కొలత కూడా సుమారుగా సరిపోతుంది. పెద్దవాళ్లలో పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య 40 నుంచి 50 మిల్లీమీటర్ల ఎడం వస్తుంది. క్లినిక్‌లో మాత్రం వేళ్లు పెట్టరు, చిన్న స్కేలుతో కొలుస్తారు. (పానీపూరీ ఒక్కసారిగా నోట్లో వేసుకోగలిగితే దవడ బాగున్నట్టే అనేది నా సొంత పరీక్ష. వైద్య గ్రంథాల్లో లేదు.)

అయితే నోరు తెరుచుకోకపోతే ప్రతిసారీ కీలునే తప్పుపట్టకూడదు, మన దేశంలో మరీను. గుట్కా, వక్క నమిలేవాళ్లలో బుగ్గల లోపలి పొర గట్టిపడి, నార కట్టి, నోరు ఏడాదికేడాది చిన్నదైపోతుంది. భారతీయ రోగుల్లో ఈ జబ్బును 1953లో ముంబైకి చెందిన డాక్టర్ ఎస్.జి. జోషి వర్ణించారు. దీనిలో కీలు బాగానే ఉంటుంది, బిగిసింది బుగ్గ. కారం తగిలితే నోరు మండడం దీని తొలి గుర్తుల్లో ఒకటి. క్యాన్సర్‌కు దారితీసే ముప్పున్న జబ్బు కాబట్టి నేరుగా దంతవైద్యుడి దగ్గరికే వెళ్లాలి, అదే రోజు గుట్కా మానాలి. చికిత్సలో మాత్రం వ్యాయామానికి ఇక్కడా చోటుంది. ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్క పుల్లలను పేర్చి పళ్ల మధ్య ఉంచి, కొన్ని రోజులకోసారి ఒక్కో పుల్ల పెంచుతూ సాగదీయిస్తారు. ఖర్చు దాదాపు సున్నా, ఓపిక మాత్రం బోలెడు కావాలి.

టక్కుమంటే భయమా?

నోరు తెరిచినప్పుడు చెవి దగ్గర "టక్" మని చప్పుడు వస్తుందని కంగారుపడేవాళ్లు చాలామంది. కీలు లోపల, రెండు ఎముకల మధ్య ఒక మెత్తని బిళ్ల ఉంటుంది. అది కొంచెం ముందుకు జరిగి ఉంటే, దవడ జారేటప్పుడు మళ్లీ దాని కిందికి ఎక్కుతుంది. ఆ ఎక్కిన చప్పుడే మనం వినేది. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటూ ఉంటే ఒట్టి చప్పుడుకు చికిత్స అక్కర్లేదు. చాలామంది జీవితమంతా ఆ టక్కుతోనే హాయిగా నములుతుంటారు. చప్పుడు వస్తోందో లేదోనని పదేపదే నోరు తెరిచి చూసుకోవడమే అసలు చెడ్డ అలవాటు.

చూసుకోవాల్సింది ఇంకోటుంది. రోజూ వచ్చే టక్కు ఒకనాడు ఉన్నట్టుండి ఆగిపోయి, ఆ రోజు నుంచే నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోకపోతే, బిళ్ల ముందే ఇరుక్కుందని అర్థం. చప్పుడు పోయింది కదా, నయమైందనుకుంటారు పాపం. ఆలస్యం చేయకుండా చూపించుకోవాల్సిన సమయం అదే.

ఒకప్పటి దవడే నేటి చెవి

ఇది కొంచెం పాత కథ. బల్లికీ, పాముకూ, కోడికీ దవడ కీలు మన ఎముకలతో కాదు, వేరే రెండు ఎముకలతో ఏర్పడుతుంది. పాలిచ్చే జంతువులు రూపుదిద్దుకునే క్రమంలో ఆ రెండు ఎముకలూ కుదించుకుని, దవడను వదిలి, మధ్య చెవిలోకి చేరాయి. మనకు శబ్దాన్ని మోసే సుత్తి, పట్టెడ ఎముకలు అవే. 1837లో జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు కార్ల్ రైకెర్ట్ పిండాల ఎదుగుదలను గమనించి ఈ సంగతి బయటపెట్టాడు. రెండు రకాల కీళ్లూ పక్కపక్కనే ఉన్న మోర్గానుకోడాన్ అనే బుల్లి జీవి శిలాజాలు తర్వాత దొరికాయి. అంటే ఇప్పుడు మనం నమిలేది కొత్త కీలుతో, వినేది పాత కీలుతో.

చెవికీ దవడకూ ఇంత చుట్టరికం ఉంది, పైగా ఇద్దరూ గోడకు గోడ ఇరుగుపొరుగు. కాబట్టి దవడ నొప్పి చెవి పోటులా అనిపించడంలో వింతేముంది? చెవి నొప్పని ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లి, "చెవి శుభ్రంగా ఉంది" అనిపించుకుని తిరిగొచ్చేవాళ్లలో కొందరికి అసలు కారణం ఈ కీలే.

ఈఎన్‌టీ డాక్టర్లే దీన్ని మొదట పెద్దగా పట్టించుకున్నారు కూడా. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరానికి చెందిన జేమ్స్ కాస్టెన్ 1934లో చెవి బాధలనూ దవడ కీలునూ ముడిపెట్టి వ్యాసం రాశాడు. దంతాలు ఊడిపోతే దవడ వెనక్కి నొక్కుకుని నరాలను ఒత్తుతుందన్నాడు. ఆ ఒత్తిడి సిద్ధాంతం నిలబడదని శరీర శాస్త్రజ్ఞులు తర్వాత తేల్చారు. కానీ తప్పంతా పళ్ల అమరికదేనన్న నమ్మకం మాత్రం కొన్ని దశాబ్దాలు రాజ్యమేలింది. బాగున్న పళ్లను అరగదీసి "కాటు సరిచేయడం" అందులోంచి పుట్టిందే. అరగదీసిన పన్ను మళ్లీ మొలవదు.

పన్ను కాదు, కండరం

పళ్లు గట్టిగా బిగించి చెంప మీద చేయి పెట్టుకుంటే దవడ మూల దగ్గర గట్టిగా ఉబ్బేది నమిలే కండరం. ఇది అలిసి ముడులు కడితే నొప్పి అక్కడే ఉండదు, దవడ పళ్లలోకి పాకుతుంది. కణత కండరం పట్టేస్తే పై పళ్లు లాగుతాయి, తల పోటూ వస్తుంది. పంటి నొప్పే అనుకుని రూట్ కెనాల్ దాకా వెళ్లి, అయినా నొప్పి తగ్గక తల పట్టుకునేవాళ్లు ఉన్నారు. ఏ పన్నో వేలితో చూపించలేకపోతే, చల్లటి నీళ్లకు జివ్వుమనకుండా నమిలినకొద్దీ నొప్పి పెరుగుతుంటే, కండరాన్ని కూడా తడిమి చూడమని డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు. కండరాన్ని నొక్కితే "ఇదేనండీ నా నొప్పి" అని రోగి గుర్తుపట్టడం ఈ రోగనిర్ధారణలో కీలకమైన ఆధారం.

పళ్లు రోజుకు ఎంతసేపు తగులుకోవాలి?

తిండి, మింగడం అన్నీ కలిపినా ఇరవై నాలుగు గంటల్లో పై పళ్లూ కింది పళ్లూ తగులుకునేది సుమారు 20 నిమిషాలకు మించదని ఒక పాత అంచనా. మిగతా సమయమంతా వాటి మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఇప్పుడు, ఈ వాక్యం చదువుతుండగా, మీ పళ్లు ఎలా ఉన్నాయి?

తగులుకునే ఉంటే మీరొక్కరే కాదు. స్కూటర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, మొబైల్లో టైప్ చేస్తున్నప్పుడు, బరువెత్తేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా తెలియకుండానే దవడ బిగిస్తాం. నిద్రలో పళ్లు కొరకడం గురించి అందరూ మాట్లాడతారు, పగటి బిగింపు ఎవరికీ కనపడదు. నిద్రలో జరిగేదాన్ని మనసుతో ఆపలేం. పగటిదాన్ని ఆపగలం. అందుకే ఫిజియోథెరపిస్ట్ మొదటి పాఠం తరచూ ఇదే: పెదవులు కలిసి, పళ్లు విడిగా, నాలుక పైన. నాలుక ఎక్కడ అంటే, "ల" అనబోయి ఆగిపోండి. నాలుక కొస ఆనిన ఆ చోటే, పై ముందు పళ్ల వెనక గట్టు. అక్కడుంచి ముక్కుతో ఊపిరి తీస్తుంటే దవడ బిగించడం కష్టం. కంప్యూటర్ అంచున, అద్దం మీద, ఫ్రిజ్ తలుపు మీద ఒక రంగు చుక్క అంటించుకుని, కనపడ్డప్పుడల్లా పళ్లు విడదీయడం చవకైన చిట్కా. నాకు తెలిసినంతలో బాగా పనిచేసేదీ అదే.

ఆరు ఆరుల లెక్క

చిలీ దేశానికి చెందిన ఫిజియోథెరపిస్ట్ మరియానో రొకబాడో పేరుతో ఒక వ్యాయామాల వరుస ప్రపంచమంతా తిరుగుతోంది. ఆరు వ్యాయామాలు, ఒక్కొక్కటి ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. గుణిస్తే 216. వినడానికి గుండె గుభేలుమంటుంది గానీ, ఒక్కో విడతకు పట్టేది కొద్ది నిమిషాలే.

మొదటిది మన ఎడ్లబండి తోలేవాళ్లకు బాగా వచ్చు. ఎద్దును అదిలిస్తూ నాలుకను అంగిలికి అంటించి "టక్" మనిపిస్తారు చూడండి, అదే. ఆ చప్పుడుతో నాలుక తన చోటు కనుక్కుంటుంది. రెండోది నాలుకను అంగిలికి ఆనించే నోరు తెరవడం. నాలుక ఊడనంత వరకే తెరవాలి. అప్పుడు దవడ ముందుకు జారకుండా, తిరగడం మట్టుకే జరుగుతుంది. అలిసిన కీలుకు కావాల్సింది అదే. మూడోది గడ్డానికి రెండు వేళ్లు ఆనించి పక్కలకు ఈకంత ఒత్తిడి పెట్టడం, దవడ కదలకుండా నిలపడం. మిగిలిన మూడూ దవడవి కానే కావు. తల మెల్లగా ఊపడం, గడ్డం లోపలికి లాగి మెడను పొడవు చేయడం, భుజాల రెక్కలను వెనక్కి దగ్గరగా తేవడం.

దవడ నొప్పికి భుజాలెందుకు? తల ముందుకు వాలితే కింది దవడ నిలకడ మారుతుంది, దాన్ని పట్టి ఉంచే కండరాలు సాగి లాగుతాయి. ముఖం నుంచీ మెడ పైభాగం నుంచీ వచ్చే నొప్పి కబుర్లు మెదడు కాండం దగ్గర ఒకే చోట కలుస్తాయి. అందుకే మెడ నొప్పి, దవడ నొప్పి, తలనొప్పి ముగ్గురూ తరచూ జట్టుగా వస్తారు. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడేవాళ్లకూ, బోర్లా పడుకుని దవడను దిండుకు అదిమేవాళ్లకూ ఇది వేరే చెప్పనక్కర్లేదు.

3,600 ఏళ్ల నాటి బొటనవేలు

ఆవలించినప్పుడో, పకపకా నవ్వినప్పుడో కొందరికి దవడ జారిపోయి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ 1862లో ఈజిప్టులోని లక్సర్‌లో ఒక పాత పపైరస్ చుట్ట కొన్నాడు. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో రాసిన శస్త్రవైద్య పాఠం అది. అందులో 25వ కేసు ఇదే, జారిన దవడ. వైద్యుడు రెండు బొటనవేళ్లు నోటిలోపల దవడ ఎముక వెనక కొసల మీద పెట్టి, మిగతా వేళ్లు గడ్డం కింద ఉంచి, వెనక్కి కూర్చోబెట్టాలని అందులో ఉంది. ఇవాళ మన ఊరి ఆసుపత్రి క్యాజువాలిటీలో చేసేదీ దాదాపు అదే. బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుంటారు. కీలు కూర్చోగానే పళ్లు టప్పున మూసుకుంటాయి మరి. మన సుశ్రుతుడు కూడా కీలు తప్పిన దవడకు కాపడం పెట్టి, సరిగా కూర్చోబెట్టి, పంచాంగి అనే కట్టు కట్టమన్నాడు. ఇంట్లో ఎవరికైనా జారితే ఆ ప్రయోగం మీరు చేయకండి. ఒకసారి జారినవాళ్లు కొన్ని వారాలు ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి పెట్టుకోవాలి.

బిళ్ల ఇరుక్కుని నోరు తెరుచుకోనివాళ్లకు ఫిజియోథెరపిస్ట్ చేసేది చూస్తే ఆ పపైరస్ గుర్తొస్తుంది. గ్లవ్ వేసుకున్న బొటనవేలు కింది దవడ పళ్ల మీద, మిగతా వేళ్లు దవడ అంచు కింద, ఇంకో చేయి తలకు ఆసరా. కిందికి మెత్తగా లాగి, కొన్ని సెకన్లు పట్టి, వదులుతారు. మళ్లీ లాగుతారు, ఈసారి కొంచెం ముందుకు. బలం అక్కర్లేదు, చూసేవాళ్లకు ఏమీ చేయనట్టే ఉంటుంది. ఆ తర్వాత బుగ్గ లోపల ఒక వేలు, బయట ఒక వేలు పెట్టి, నమిలే కండరంలోని ముడిని పట్టి నొక్కుతారు. అది మాత్రం కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. "నొప్పి పదికి ఎంత?" అని మధ్యమధ్యలో అడగని చికిత్సకుడి దగ్గర నోరు తెరవొద్దంటాను నేను.

కృత్రిమ బిళ్ల కథ

చేతి వైద్యం నిదానమని విసుక్కునేవాళ్లకు ఇది తెలియాలి. 1980లలో అమెరికాలో, పాడైన బిళ్లను తీసేసి టెఫ్లాన్ పూత ఉన్న కృత్రిమ పదార్థం పెట్టడం జోరుగా సాగింది. హ్యూస్టన్‌కు చెందిన వైటెక్ కంపెనీ దాన్ని తయారుచేసేది. నమిలే ఒత్తిడికి అది తునకలై రాలింది. ఆ తునకల మీద శరీరం తిరగబడి, చుట్టూ ఉన్న ఎముకనే తినేసింది. కంపెనీ దివాలా తీసింది. 1990లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసి, ఆపైన వాటిని వెనక్కి రప్పించింది. అప్పటికే పెట్టించుకున్నవాళ్లలో ఎందరో ఆపరేషన్ మీద ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది.

2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అంతర్జాతీయ బృందం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నెలలు దాటిన దవడ కీలు నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవేమిటో చూడండి: ఆలోచనా తీరును మార్చే మానసిక చికిత్స, చికిత్సకుడి చేతితో కీలు కదలించడం, కండరపు ముడులు నొక్కడం, పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, నిలబడే కూర్చునే తీరు సరిచేసే వ్యాయామాలు, ధైర్యం చెప్పి ఇంటి దగ్గర చేసుకునే సాధన నేర్పడం. గట్టిగా వద్దన్నవాటిలో బిళ్ల తీసేసే ఆపరేషనూ, పళ్ల కాటును శాశ్వతంగా మార్చేసే తొడుగులూ ఉన్నాయి. బొటాక్స్ ఇంజెక్షన్లు, తీసి పెట్టుకునే తొడుగులు కూడా ఈ నొప్పికి మామూలుగా వద్దనే వైపే మొగ్గింది. ఆపరేషన్ అవసరమైనవాళ్లు అసలే లేరని కాదు. వరుసలో అది చివరిదని.

అయితే రాత్రిపూట పళ్లకు పెట్టుకునే తొడుగు, నైట్ గార్డ్, దండగేనా? కాదు. అది పళ్లు అరగకుండా కాపాడుతుంది, ఆ పనికి మంచిదే. నొప్పి కూడా అదే తగ్గిస్తుందని ఆశపెట్టుకోవడంలోనే తేడా.

పురుగుల మీద నింద

పిల్లాడు నిద్రలో పళ్లు పటపట కొరికితే "కడుపులో నులిపురుగులు" అని మన ఇళ్లలో వెంటనే తేల్చేస్తారు. ఆ రెంటికీ గట్టి సంబంధం రుజువు కాలేదు. చిన్నపిల్లల్లో ఇది మామూలే, ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. నులిపురుగుల మాత్ర వేయండి, అది వేరే మంచి పని. పెద్దవాళ్లలో మాత్రం కొన్ని రకాల డిప్రెషన్ మందులు కూడా పళ్లు బిగించేలా చేస్తాయి. మందు సొంతంగా మానకుండా డాక్టర్‌కు చెప్పాలి.

ద్వారం వారి వయొలిన్

పాశ్చాత్య వయొలిన్ కళాకారులకు దవడ నొప్పి వృత్తి బాధల్లో ఒకటి. వాళ్లు వాద్యాన్ని గడ్డానికీ భుజానికీ మధ్య బిగించి పట్టుకుంటారు. గడ్డం ఆనించుకునే చెక్కను లూయీ స్పోర్ 1820 ప్రాంతంలో కనిపెట్టాడు. మన కర్ణాటక సంప్రదాయంలో నేల మీద కూర్చుని, వాద్యం తలభాగాన్ని కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఎద వైపు ఉంచుకుంటారు. విజయనగరం వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫొటోలు చూస్తే గడ్డానికి పనేమీ లేదని తెలిసిపోతుంది. మెడల, నడుముల సంగతి వేరు గానీ, దవడ బరువైతే మనవాళ్లకు తప్పింది.

నొప్పి ఉన్న వారం ఏం తినాలి?

పెరుగన్నం, పప్పన్నం, ఇడ్లీ, ఉప్మా. చెరకు గడ, జంతికలు, చేగోడీలు, మటన్ బొక్కలు, చూయింగ్ గమ్ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. జామకాయ కొరక్కుండా ముక్కలు కోసుకోవాలి. నమలడం మొత్తం మానేసి గంజితో బతకక్కర్లేదు, కీలుకు కొంత కదలిక కావాలి. వేడి నీళ్లలో పిండిన తువ్వాలు పది పదిహేను నిమిషాలు చెంపకు కాపడం పెట్టి, ఆ వెంటనే వ్యాయామం చేస్తే కండరం తేలిగ్గా మాట వింటుంది.

వీటికి ఆలస్యం చేయకూడదు

దవడ నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీ బరువు ఉంటే అది గుండె కావచ్చు, 108కి ఫోన్ చేయాలి. యాభై దాటినవాళ్లకు నమిలితే దవడ లాగుతూ, కణతల దగ్గర కొత్తగా తలనొప్పి, చూపు మసక వస్తే రక్తనాళాల వాపు కావచ్చు, ఆ రోజే చూపించాలి. ముఖంలో కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాల నొప్పి నరానిది. జ్వరం, వాపు ఉంటే పంటి చీము. పుండు పడ్డాక దవడలు బిగుసుకుంటే ధనుర్వాతం అనుమానించాలి. వీటిలో దేనికీ వ్యాయామాలు మొదలుపెట్టకూడదు.

ఇవేవీ కాదని దంతవైద్యుడో ఈఎన్‌టీనో తేల్చాక, ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) చదివి దవడ మీద పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లను వెతకండి. మోకాళ్లు చూసేవాళ్లందరూ దవడ చూడరు, ముందే అడిగేయడం నయం. మొదటి రోజు నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుందో, ఏ వైపు ఒరుగుతోందో రాయించుకోండి. రెండో వారం అదే స్కేలుతో మళ్లీ కొలవమనండి.